మా స్లాబుకు మీరు కొట్టిన నాలుగు బొక్కలు

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ఉన్నతాధికారులకు,
హైదరాబాద్ మహానగరంలో టౌన్‌ప్లానింగ్ బాధ్యతలు చూస్తున్న అధికారులందరికీ,

అయ్యా, అమ్మా,

కిందటి నెల మీ కార్యాలయాల్లో ఒకదానికి వెళ్లాను. మా బిల్డింగులో మూడో అంతస్తు, దాని మీది పెంట్‌హౌస్ ప్లాన్‌లో లేవు, ముందు పెంట్‌హౌస్ తీసేద్దామనుకుంటున్నాను, అందుకు ఏ కాగితం పెట్టుకోవాలి అని అడిగాను. ఫైళ్ల మధ్య నుంచి తలెత్తిన ఉద్యోగి నన్ను ఒకసారి తేరిపార చూశాడు. “ఉన్నదాన్ని ఎందుకు కూలగొట్టుకుంటరు సార్? టాక్స్ కడుతున్నరు గదా. స్కీమ్ వస్తది, అప్పుడు రెగ్యులరైజ్ చేసుకోండ్రి” అన్నాడు. పక్క బల్ల దగ్గరాయన నవ్వాడు. అందులో ఎగతాళి లేదు. దారి తెలియని పల్లెటూరివాణ్ణి చూసి బస్టాండులో కండక్టరు నవ్వే నవ్వు.

ఆ ఉద్యోగి మీద నాకు కోపం లేదు. మీ శాఖ ఏళ్ల తరబడి నేర్పిన పాఠాన్నే ఆయన నాకు అప్పజెప్పాడు. ఈ ఉత్తరం ఆ పాఠం రాసినవాళ్లకు. బహిరంగంగా ఎందుకంటే, కవర్లో పెట్టి ఇచ్చిన రెండు దరఖాస్తులకు ఇంతవరకు జవాబు లేదు. పైగా ఆ అంతస్తుల్లో పడుకునేది మీరూ నేనూ కాదు. పడుకునేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. 2019లో, రిటైర్మెంట్ డబ్బు బ్యాంకులో పడి ఉంటే ఏం లాభమని అందరూ అంటే, 180 గజాల్లో ఉన్న పాత బిల్డింగు కొన్నాను. అద్దెల కోసమే కొన్నాను. ఈ నగరంలో నాలాంటివాళ్లు వీధికి ఇద్దరుంటారు. కొందరివి పదవీ విరమణ సొమ్ములు, కొందరివి అమెరికా నుంచి పిల్లలు పంపిన డాలర్లు. పాత ఇండిపెండెంట్ ఇల్లు కొనడం, గోడలు అటూ ఇటూ జరిపి పోర్షన్లు చేయడం, రంగులేసి టు-లెట్ బోర్డు పెట్టడం. దీనికి అందరూ వాడే గౌరవప్రదమైన మాట రీమోడలింగ్.

కొనేముందు చూడవలసినవన్నీ చూశాననే అనుకున్నాను. ఈసీ తీయించాను. లింక్ డాక్యుమెంట్లు వకీలుకు చూపించాను. ఇంటి పన్ను రసీదుల్లో అన్ని అంతస్తులూ ఉన్నాయి. కరెంటు మీటర్లు తొమ్మిది, వరసగా గోడకు బిగించి ఉన్నాయి. నల్లా ఉంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పైసా తక్కువ కాకుండా స్టాంపు డ్యూటీ కట్టాను. ఇన్ని ప్రభుత్వ శాఖలు గుర్తించిన కట్టడానికి మంజూరైన ప్లాను కాపీ ఏదని అడగాలని నాకు తోచలేదు. లెక్క మొత్తం చేసి మొదటి అంకె తప్పు వేసే విద్యార్థిని ఎన్నిసార్లు తిట్టానో! అమ్మినాయన కొత్తగా విట్రిఫైడ్ టైల్స్ పరిచి, గోడలకు పుట్టీ పట్టించి, మూడో అంతస్తులో ఫాల్స్ సీలింగ్ వేసి, అందులో సన్నటి లైట్లు కూడా పెట్టించాడు. పైన పటారం చూసి మా ఇంట్లోవాళ్లంతా మురిసిపోయారు.

2024 డిసెంబరు 4 ఉదయం ములుగులో భూమి కంపించింది. రిక్టర్ స్కేలు మీద 5.3. హైదరాబాద్‌లో కూడా ఆ అదురు తెలిసింది. మా పెంట్‌హౌస్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సు, బడికెళ్లే ఆమె కూతురు ఉండేవారు. ఏడున్నర దాటగానే ఆ అమ్మాయి ఫోను. “మంచం ఊగింది అంకుల్. పిల్లని ఎత్తుకుని కిందికొచ్చేశా. మళ్లీ పైకెళ్లొచ్చా?” ఏం చెప్పాలి నేను? వెళ్లమ్మా, ఏం కాదు అన్నాను. అన్న తర్వాత ఆ మాట నా గొంతులోనే అడ్డం పడినట్టయింది. ఏం కాదని నాకెలా తెలుసు?

అలా మొదలైంది మా మరమ్మతు. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మేస్త్రీని పిలిచాను. మూడో అంతస్తు హాల్లో ఫాల్స్ సీలింగ్ షీట్లు విప్పించాడు. పైన స్లాబు అడుగున గుండ్రంగా నాలుగు మాసికలు కనిపించాయి. ఒక్కోటి దోసెల పెనమంత. చుట్టూ ఉన్న కాంక్రీటు ఒక రంగు, మాసిక మరో రంగు. ఒకదాని అంచున తుప్పు నీరు కారిన చార. మేస్త్రీ నిచ్చెన మీద నిలబడి వేలితో గీకి చూసి, ఇదేముందన్నట్టు చెప్పాడు: “మున్సిపాలిటోళ్ల బొక్కలు సార్.”

మీకు ఇది వివరించనక్కర్లేదు. పాఠకుల కోసం చెబుతున్నాను. అనుమతి లేని స్లాబు పడిందని ఎవరో ఫిర్యాదు చేస్తారు. సిబ్బంది డ్రిల్లింగ్ మెషీనుతో వస్తారు. స్లాబుకు మూడో నాలుగో బొక్కలు కొడతారు. వంగిన కడ్డీలు బయటికి కనబడేలా ఫొటో తీస్తారు. ఫైల్లో కూల్చివేత పూర్తయినట్టు రాసుకుంటారు. వాళ్లు సందు మలుపు తిరిగాక ఓనరు కింద చెక్క అడ్డం పెట్టించి, పైనుంచి బొచ్చెడు కాంక్రీటు పోయించి పూడ్పిస్తాడు. కాస్త స్తోమత ఉంటే కింద ఫాల్స్ సీలింగ్ వేస్తాడు. ఇంకాస్త తెలివి ఉంటే అమ్మేస్తాడు. నేను కొన్నది ఆ తెలివినే.

అంటే మా మూడో అంతస్తు మీద ఇంకో స్లాబు అక్రమంగా పడిందని మీకు తెలుసు. మీరు వచ్చారు, మెట్లెక్కారు, చూశారు. జీహెచ్ఎంసీ చట్టంలో 452వ సెక్షన్ కింద నోటీసు ఉంది, 461 కింద కూల్చే అధికారం ఉంది. వాటిని వాడి పూర్తిగా తీయించి ఉంటే ఒక పద్ధతి. ఉండనివ్వాలనే అనుకుంటే, బరువు మోస్తుందో లేదో పరీక్ష చేయించి బలపరచమని ఆదేశించడం ఇంకో పద్ధతి. మీరు ఈ రెండింటికీ చెందని మూడో పని చేశారు. అసలే బలం తెలియని స్లాబుకు చిల్లులు పెట్టి, దాని కింద మనుషులు కాపురం ఉండడానికి వదిలేశారు. ఏ చట్టం చెప్పింది మీకు ఇలా చేయమని? ఏ ఇంజనీరింగు కాలేజీలో నేర్పుతారు దీన్ని? ఆ ఫొటో తీసుకున్న అధికారి తన పిల్లల్ని ఆ బొక్కల కింద ఒక్క రాత్రి పడుకోబెడతారా?

తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాను. ఆయన రోజంతా ఉన్నాడు. కింద ఒక పిల్లరు దగ్గర సిమెంటు చెక్కించి చూస్తే తొమ్మిది బై తొమ్మిది అంగుళాలు తేలింది. ఆ రోజుల్లో రెండు మూడంతస్తుల ఇంటికి అలా వేసేవారట. ఆ పైన ఎక్కినవేమిటో ఆయన కాగితం మీద కూడి చూపించాడు. ఐదంగుళాల మందాన వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఒక్కటే దాదాపు 30 టన్నులు. పదడుగుల ఎత్తున తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ప్రతి మీటరు పొడవుకూ టన్నుకు పైనే. మూడో అంతస్తు గోడలూ స్లాబూ కలిపి 90 టన్నులకు తగ్గవన్నాడు. దాని మీద పెంట్‌హౌస్. దాని నెత్తిన వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు మూడు, నిండితే మూడు టన్నులు. రెండో అంతస్తులో ఒక పోర్షన్‌ను రెండు చేసినప్పుడు బాల్కనీని బాత్రూముగా మార్చారు. దానికి నేల ఎత్తు చేయడానికి ఇటుక ముక్కలు నింపారు. బట్టలు ఆరేసుకోవడానికి బయటికి చాచిన పలక మీద ఆ బరువంతా వేలాడుతోంది. పైపు పోవడానికి ఒకచోట బీమును సగం దాకా చెక్కారు. ఆ చెక్కినచోట నున్నగా పుట్టీ పెట్టి, మంచి ఐవరీ రంగు వేశారు. ఇంజనీరు చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రీ మాత్రం, “ఇంతకాలం నిలబడ్డది గదా సార్, దాన్ని మెచ్చుకోవాలె” అన్నాడు. నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది.

మంజూరైన ప్లాను కోసం సమాచార హక్కు చట్టం కింద అడిగాను. ఫైలు అందుబాటులో లేదని జవాబు వచ్చింది. చివరికి అది ఎక్కడ దొరికిందో తెలుసా? మొదట ఆ ఇల్లు కట్టుకున్నాయన భార్య, ఎనభై దాటిన పెద్దావిడ, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటోంది. ఆవిడ ట్రంకుపెట్టెలో, పట్టుచీరల కింద, నీలం కాగితం మడతలు చిరిగి ఉంది. కింద ఒకటి, పైన రెండు అంతస్తులు. పక్కన మూడడుగుల ఖాళీ, ముందు బండి పెట్టుకునే జాగా. ఇప్పుడు ఆ మూడడుగుల ఖాళీలో మెట్లున్నాయి. బండి జాగాలో మొన్నటిదాకా షట్టరు వేసి కర్రీ పాయింట్. మెట్ల కింద గ్యాసు సిలిండర్లు. పైన ఇన్ని కాపురాలు, దిగడానికి ఆ సిలిండర్ల పక్కనుంచే దారి. తన ఇంటికి సంబంధించిన ప్లాన్‌ను ఒక ముసలమ్మ భద్రంగా దాచుకోగలిగింది. ఇంత పెద్ద శాఖ దాచలేకపోయింది.

ఇక పన్ను దగ్గరికి వద్దాం. మీ ఉద్యోగి ధైర్యం చెప్పింది దీనితోనే. ప్లాన్‌లో లేని అంతస్తు మీద ఇంటి పన్నుకు వంద శాతం జరిమానా కలిపి వసూలు చేస్తారు. వినడానికి ఘనంగా ఉంటుంది. మా లెక్క చూడండి. మూడో అంతస్తులో రెండు పోర్షన్లు, ఒక్కోటి 12 వేలు. పెంట్‌హౌస్ 9 వేలు. నెలకు 33 వేలు, రోజుకు 1,100. ఈ రెండింటి మీద ఏడాదికి నాకు పడిన జరిమానా 5,400. అంటే, మీ వంద శాతం జరిమానా నాకు ఐదు రోజుల అద్దె. మిగతా 360 రోజులూ నావే. జీవితమంతా శాతాలు బోర్డు మీద రాసినవాణ్ణి. ఇంత చవకైన తప్పు నేను చూడలేదు.

ఆ పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదని మీ చట్టమే చెబుతుంది. బాగుంది. కొనేవాడికి ఆ సంగతి రసీదు మీద కనబడేలా పెద్ద అక్షరాలతో ఎందుకు రాయరు? మొదటి చూపులో అది రసీదు. రెండో చూపులో ధ్రువపత్రం. దాన్ని చూపించే కరెంటు మీటరు తెస్తారు, దాన్ని చూపించే అమ్ముతారు, దాన్ని చూసే నాలాంటివాడు కొంటాడు. అద్దెకున్నవాడికైతే ఆ చూపు కూడా లేదు. ఏటా ఆ అంతస్తు మీద ఆదాయం తీసుకుంటున్నప్పుడు, మీరు దాన్ని పట్టుకున్న పోలీసులా, దాంట్లో వాటాదారులా? నాకు ఐదు రోజుల అద్దె పోతోంది. మీకు ఐదు రోజుల అద్దె వస్తోంది. మీరూ నేనూ ఒకే కొమ్మ మీద కూర్చున్నాం.

ఇక ‘స్కీమ్ వస్తది’ అన్నది. అది ఊరికే వచ్చిన నమ్మకం కాదు. 2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో 901 నంబరు జీవో ఇచ్చారు. దాని పేరు బిల్డింగ్ పెనలైజేషన్ స్కీమ్. ఒక్కసారికే అన్నారు. 2015 నవంబరులో తెలంగాణలో 152 నంబరు జీవో వచ్చింది. అప్పటికి పేరులో పెనలైజేషన్ పోయి రెగ్యులరైజేషన్ చేరింది. ఎనిమిదేళ్లలో శిక్ష కాస్తా సవరణ అయింది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఒకసారి, 2019లో మరోసారి తలుపు తీశారు. ఇక్కడ 2015 పథకానికి ఒక్క గ్రేటర్ హైదరాబాద్‌లోనే లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. హైకోర్టు ఆదేశాలతో అవి ఏళ్ల తరబడి తేలలేదు. తేలకపోవడం కూడా ఒక వరమే అయింది. దరఖాస్తు పెట్టిన రసీదు చూపించి, పెండింగ్‌లో ఉంది సార్ అని అమ్మినవాళ్లు ఎంతమందో.

ఒక్కసారికే అన్నది రెండోసారి వచ్చాక, మూడోసారి రాదని ఎవరు నమ్ముతారు? క్షమాపణ ముందే ఖాయమైతే తప్పు చేయడానికి వెనకాడేదెవరు? పథకం ప్రకటించిన ప్రతిసారీ ఖజానాకు కోట్లు వస్తాయని లెక్కలు చెబుతారు. ఆ దరఖాస్తుల్లో ఎన్ని కట్టడాల పిల్లర్లు పరీక్షించారు? ఎన్నింటిలో రెండో మెట్లదారి పెట్టించారు? రుసుము కడితే పన్ను రికార్డు మారుతుంది. తొమ్మిది బై తొమ్మిది పిల్లరు పన్నెండు బై పన్నెండు అవుతుందా?

2025 మార్చి 26న భద్రాచలంలో పాత కట్టడం మీదనే పై అంతస్తులు లేపుతున్న భవనం కుప్పకూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిక్‌నగర్‌లో పక్క స్థలంలో పునాదికి గొయ్యి తీస్తే సన్నగా నిలబెట్టిన భవనం ఒరిగింది. మనుషుల్ని ఖాళీ చేయించి, తర్వాత దాన్ని కూల్చాల్సి వచ్చింది. పేపర్లో ఒరిగిన ఆ భవనం ఫొటో చూసి అందరం అయ్యో అనుకున్నాం. నేను మాత్రం ఫొటోలో ఆరేసిన బట్టలు చూశాను. కట్టినవాడి బట్టలై ఉండవు అవి.

మంటల సంగతి వేరే చెప్పాలా? 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. 8 మంది పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు, 6 మంది. అదే ఏడాది నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింది భాగంలో రసాయనాల డ్రమ్ములు. కనీసం 9 మంది. కింద బండ్లు ఉండవలసిన చోట సరుకు, సరుకు మీద సంసారాలు. ప్రతిసారీ మీరు సర్వే చేస్తామన్నారు. నివాస భవనం ఎత్తు ఒక గీత దాటితేనే అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. అందుకే కాలనీల్లో కాగితం మీద ఆ గీత కిందే ఆగుతారు. తర్వాత ఇంకో అంతస్తు, దాని మీద పెంట్‌హౌస్ వేస్తారు. భవనం గీత దాటుతుంది. కాగితం దాటదు. మీ రెండు శాఖల రికార్డులనూ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఎవరిది?

సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న, ఉత్తరప్రదేశ్ గృహ నిర్మాణ మండలి కేసులో ఇచ్చిన తీర్పు మీరు చదివే ఉంటారు. అధికారులు ఆలస్యం చేశారనో, కట్టడానికి బాగా డబ్బు పెట్టామనో చెప్పి అక్రమ కట్టడాన్ని కాపాడుకోలేరని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది చూసే అప్పులివ్వాలని, తప్పుడు అనుమతులిచ్చిన అధికారులపై శాఖాపరమైన చర్య ఉండాలని ఆదేశించింది. ఇది వచ్చాక కూడా మీ కార్యాలయంలో ఒక ఉద్యోగి, కూలగొట్టుకుంటానని వచ్చినవాడికి స్కీమ్ గురించి చెబుతున్నాడంటే, ఆ తీర్పు ఎక్కడిదాకా వచ్చి ఆగింది? మీ టేబుల్ దాకానా, ఇన్‌వర్డ్ సెక్షన్ దాకానా?

కూల్చడం మీకు చేతకాదని నేననను. 2025 జనవరిలో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో అనుమతి లేకుండా లేచిన భవనాన్ని హైడ్రా సంస్థ కూల్చింది. దుమ్ము లేచింది, టీవీల్లో చూశాం. ఆ భవనం ఒక్కరాత్రిలో లేవలేదు కదా! ఒక్కో స్లాబుకు సెంట్రింగ్ కట్టారు, రోడ్డు మీద ఇసుక పోశారు, మిక్సర్ లారీలు వచ్చాయి. అన్ని స్లాబులు పడేదాకా ఆ వీధి ఎవరి పరిధిలో ఉంది? ఇంకోటి అడుగుతాను. 2006 నుంచి, చిన్న ఇళ్లు మినహా, ప్లాను ఇచ్చేటప్పుడే కట్టబోయే విస్తీర్ణంలో పది శాతం మీ పేరిట తనఖా పెట్టించుకుంటున్నారు. ఉల్లంఘిస్తే స్వాధీనం చేసుకునే హక్కు మీది. చేతిలో అంత కత్తి పెట్టుకుని, ఎన్ని పది శాతాలు స్వాధీనం చేసుకున్నారో లెక్క ప్రకటించగలరా?

ఇక్కడ మీరు ఒక మాట అనవచ్చు. నర్సమ్మ కూడా అదే అంది. పెంట్‌హౌస్ తీసేస్తానమ్మా, వేరే చూసుకోండి, మూడు నెలలు టైమిస్తాను అన్నప్పుడు ఆ అమ్మాయి కోప్పడలేదు. “తొమ్మిది వేలకు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడ దొరుకుతుంది అంకుల్?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ నగరంలో నర్సులు, డెలివరీ కుర్రాళ్లు, కోచింగులకు వచ్చిన పిల్లలు బతుకుతున్నది చాలావరకు ఇలాంటి పై అంతస్తుల్లోనే. రేకుల కింద, స్టిల్టు కోసిన గదుల్లో, ప్లైవుడ్ అడ్డం పెట్టి పదడుగుల గదిని రెండు చేసిన హాస్టళ్లలో. వాటన్నిటినీ రేపు కూల్చండి అని నేను రాయడం లేదు. అలా రాయడం తేలిక, ఎందుకంటే రోడ్డున పడేది నేను కాదు. కానీ పేదవాళ్ల అద్దె పేరు చెప్పి మీరు వదిలేసింది పేదవాళ్ల కోసమేనా? తలదాచుకోవడానికి ఉన్న ఇంటి మీద ఒక గది వేసుకున్న కుటుంబాన్నీ, అమ్మకానికీ అద్దెకీ అంతస్తు మీద అంతస్తు పేర్చే నాలాంటి పెట్టుబడిదారునీ ఒకే రుసుము పట్టికలో ఎందుకు పెడుతున్నారు? నా అంతస్తు మీద వచ్చేది వ్యాపార ఆదాయం. హోటలు నడిపేవాడి వంటగది ఎలా ఉందో చూసినట్టు నా పిల్లర్లు చూడండి. నెలనెలా అద్దె తీసుకునే ప్రతి అక్రమ అంతస్తుకూ ఇంజనీరు సంతకంతో బలపరీక్ష అడగండి. అందులో నెగ్గనిది ఖాళీ చేయించండి. ఆ ఖర్చు ఓనరుదే, ఖాళీ చేసేవాళ్లకు మూడు నెలల అద్దె కూడా ఓనరుదే. నేను ఆ మూడు నెలలదీ ఇచ్చాను. ఏం ఘనకార్యమని కాదు, నాలుగేళ్లు తీసుకున్నదాంట్లోంచి ఇచ్చాను.

మంజూరైన ప్లాను రహస్య పత్రమా? ఇంటి పన్ను నంబరు కొడితే బకాయి కనబడుతుంది. అదే నంబరుకు ఆ ఇంటికి ఎన్ని అంతస్తులు మంజూరయ్యాయో కూడా కనబడేలా చేయడానికి ఏం అడ్డు? గేటు పక్కన అడుగు బై అడుగు పలక మీద ‘మంజూరైనవి: కింద ఒకటి, పైన రెండు’ అని రాయించండి. అద్దెకొచ్చేవాళ్లు తలెత్తి లెక్కపెట్టుకుంటారు. లెక్కపెట్టడం అందరికీ వచ్చు. ఇక రీమోడలింగ్. గోడలకు రంగు వేయడానికి అనుమతి అక్కర్లేదు, మంచిదే. బీము చెక్కడానికి, బాల్కనీని బాత్రూము చేయడానికి, పిల్లరు పక్క గోడ తీయడానికి కావాలి కదా. వాటి గురించి అడిగినవాణ్ణి నేను మా వీధిలో ఒక్కణ్ణి కూడా చూడలేదు. రీమోడలింగ్ కాంట్రాక్టర్లయితే పర్మిషనా అని నవ్వుతారు. ఆ నవ్వు కూడా మీ బల్ల దగ్గర విన్నదే.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒక్కటే. కట్టడానికి మీ దగ్గర దరఖాస్తు ఉంది. తప్పు చేసి జరిమానా కట్టడానికి పద్ధతి ఉంది. పథకం వస్తే దానికో పోర్టల్ తెరుస్తారు. తప్పు దిద్దుకుంటానన్నవాడికి మాత్రం ఒక్క కాగితం లేదు. పెంట్‌హౌస్ తీసేస్తే పన్ను రికార్డులోంచి ఎలా పోతుందో చెప్పగలిగినవాళ్లు నాకు దొరకలేదు. ఇంజనీరు చెప్పినట్టు కింది పిల్లర్లకు జాకెటింగ్ చేయించాలి. అందుకు ఏ అనుమతి అని అడిగితే, మూడో అంతస్తు అక్రమం కాబట్టి ఆ బిల్డింగుకు ఏ అనుమతీ ఇవ్వడం కుదరదన్నారు. అంటే బలహీనంగా ఉండవచ్చు, బలపరచుకోకూడదు. మెట్ల కింది సిలిండర్లు తీయించి కర్రీ పాయింట్ ఖాళీ చేయించాను, ఆ షట్టరు తీసి మళ్లీ బండి జాగా చేశాను. దాని మీద వాణిజ్య పన్ను మాత్రం ఈ ఏడూ వచ్చింది. ఫిర్యాదు చేయడానికి వెళ్తే, ఫీల్డ్‌లో చూసి రాయాలి, మనుషులు లేరు అన్నారు. నాలుగు బొక్కలు కొట్టడానికి మనుషులు దొరికారు కదండీ.

నర్సమ్మ ఖాళీ చేసి వెళ్లింది. బాలానగర్ వైపు 11 వేలకు ఒక గది దొరికిందట, మొదటి అంతస్తే అని మరీ మరీ చెప్పింది. మేస్త్రీ వచ్చే సోమవారం నుంచి పని మొదలుపెడతాడు. ముందు నీళ్ల ట్యాంకులు దించుతాడు, తర్వాత పెంట్‌హౌస్ పైకప్పు, గోడలు, పైనుంచి కిందికి. దాంతోపాటు ఆ మాసికల స్లాబు సంగతి తేలుస్తానన్నాడు ఇంజనీరు. మూడో అంతస్తులో ఉన్న రెండు కుటుంబాలకు విషయం చెప్పాను. వాళ్లు ఈ విద్యాసంవత్సరం అయ్యేదాకా గడువు అడిగారు. అప్పటిదాకా పడకల్ని ఆ మాసికల కిందినుంచి పక్కకు మార్చుకున్నారు.

మా ఇంటి పన్ను నంబరు, రెండు దరఖాస్తుల తేదీలు, స్లాబు ఫొటోలు మీ కార్యాలయానికి మళ్లీ పంపుతున్నాను. ఈసారి మీరు డ్రిల్లింగ్ మెషీను తేనక్కర్లేదు. టేపు తీసుకుని ఒక మనిషిని పంపండి, తీసేసిన దాన్ని కొలిచి రికార్డులోంచి కొట్టేసి వెళ్లడానికి. సోమవారం నుంచి ఉదయం తొమ్మిదింటికి నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
హైదరాబాద్.